చాలు అనే చెయ్యి

గిన్నెలు తోమే ద్రవం సీసా వంచి, జారకపోతేనే మంచి సబ్బు అని కొనే మీరూ, మీకోసం సబ్బును చిక్కబెట్టించే కొట్టు ఓనరు వెంకటకృష్ణారావు గారూ, అందరూ కలిసే శౌరమ్మ చేతులు తిన్నారు. ఆ చిక్కదనం ఉప్పు. ఉత్త ఉప్పు. దానివల్ల గిన్నె జిడ్డు ఒక్క పిసరు కూడా ఎక్కువ పోదు.

పొద్దున ఎనిమిదింటికే శౌరమ్మ మోచేతి దాకా నీలం టబ్బులో ఉంది. గవర్నర్‌పేటలో కొట్టు, దాని వెనక సందులో రేకుల షెడ్డు. కాస్టిక్ సోడా నీళ్లూ, స్లర్రీ అనే చిక్కటి యాసిడ్డూ కలిపి, నురగ అణిగాక ఉప్పు వేసి తిప్పాలి. ఉప్పు పడేకొద్దీ సబ్బు చిక్కబడుతుంది. హద్దు దాటిందా, విరిగి నీళ్లయిపోతుంది. ఆ హద్దు కంటికి ఆనదు. సబ్బు వేళ్ల సందున కాస్త ఆగి జారినప్పుడు "చాలు" అనాలి. పదకొండేళ్లుగా ఆ మాట శౌరమ్మదే.

గ్లౌజులడిగితే, "తొడుక్కుంటే నీకేం తెలుసుద్ది?" అన్నాడు ఓనరు. ఉప్పు తూచి వేస్తానని కాటా అడిగితే, "నీ చెయ్యే కాటా కదా శౌరమ్మా!" అన్నాడు. ఆమె దాన్ని మెప్పనుకుంది. నాకు ఒళ్లు మండేది అందుకే.

అరచేతులు తెల్లగా నాని ఉబ్బాయి. గీతలన్నీ ఎర్రగా పగిలాయి. కూరలో కారం తగిలితే ప్రాణం పోయేది, చెంచాతో తినేది. నెల కిందట మంట ఆగిపోయింది. దేవుడు బాగుచేశాడని ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మర్నాడు కాలే టీ గిన్నె వట్టి చేత్తో దించింది. బొబ్బ లేచాక గానీ తెలియలేదు. మంట పోలేదు, స్పర్శే పోయింది. తెలిస్తే పని తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. నెల రోజులుగా అంచనా మీద నెట్టుకొస్తోంది.

"ఏం పిన్నీ, టబ్బుతో గుసగుసలా?" అంది సీసాలు నింపే జహీదా, ఆ పొద్దున శౌరమ్మ టబ్బు మీదికి వంగి గొణుగుతుంటే.

"మొండిదే ఇది, మాట వినట్లా."

ఇంతలో ఓనరు వచ్చి పక్కనే నిలబడ్డాడు. "లాడ్జి వాళ్ల బండి వచ్చేసింది. అయిందా?"

"ఇంకో పిడికెడు పట్టుద్దండి."

వేసింది. తిప్పింది. వేళ్లు ఏమీ చెప్పలేదు. ఇంకొకటి వేసింది. మగ్గుతో ఎత్తి పోస్తే సబ్బు గలగలమంది.

"నీళ్లు! చేతికి తెలీలా?"

"తెలీట్లేదండి. నెలయింది."

ఆ చెయ్యి ఏదీ, చూపించు అనలేదాయన. "ముందే చెప్పొద్దా? రేపట్నించి రాకులే. రెస్టు తీసుకో."

"ఆగు పిన్నీ, నేను మాట్లాడతా," అంటూ లేచింది జహీదా.

"ఎవరితోనే?" అంది శౌరమ్మ. చీర మీద వేసుకునే మొగుడి పాత చొక్కా విప్పి మేకుకు తగిలించింది. బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయింది.

మర్నాడే శౌరమ్మ పనిలోకి డయానా వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల, గోళ్లకు కొత్త రంగు. మేకు మీది చొక్కా తొడుక్కుని, చేతులు పైకి మడిచి, టబ్బులో మోచేతి దాకా చెయ్యి దించింది.

వెంకటకృష్ణారావు గారూ, ఆ పిల్ల చేతులు బయటికి తీయించండి. కాటా కొనండి. శౌరమ్మను మీ కార్లో ఎక్కించుకుని డాక్టరుకు చూపించండి. కొనేవాళ్లూ, పల్చటి సబ్బే అడగండి. రేపు కాదు, ఇవాళే. అందాకా ఆ చొక్కా ఎవరూ తొడుక్కోకూడదు, మేకుకే వేలాడాలి.