డారిల్ తొమ్మిది గోల్స్

కురాంగీ ఊరి ఫుటీ క్లబ్బువాళ్లు కొత్త స్కోరుబోర్డు కట్టించారు. ఫుటీ అంటే వాళ్ల ఫుట్‌బాల్, బంతిని చేత్తో పట్టుకోవచ్చు, గోల్ మాత్రం కాలితోనే కొట్టాలి. ఇన్నేళ్లలో ఆడినవాళ్లలో అసలైన సూపర్‌స్టార్ ఎవరో తేల్చి, వాడి పేరు దానికి పెడతామన్నారు. ఎవరి పేరు పెడతారా అన్న అనుమానం డారిల్ నస్కేకి ఒక్క క్షణం కూడా రాలేదు. అక్షరాలు ఎంత పొడుగుండాలి అన్నదొక్కటే అతని దిగులు.

డారిల్‌కి యాభై నాలుగు. పదిహేనో ఏట బడికి దండం పెట్టేసి గోధుమలు నిలవచేసే సైలోలో పనికి చేరాడు. అక్కణ్ణించి ఇక్కడిదాకా అతను సంపాదించినవి రెండే: ఒక పాడైపోయిన మోకాలు, ఒక కథ. తొంభైలో బరాక్‌వేల్ జట్టు మీద ఫైనల్లో తానొక్కడే తొమ్మిది గోల్స్ కొట్టిన కథ. ఊళ్లో అది విననివాడు లేడు. పదోసారి విననివాడూ లేడు. కొత్తగా వచ్చిన డాక్టరు మోకాలు నొక్కి చూస్తూ "ఎలా తగిలింది?" అని అడిగిన పాపానికి నాలుగో గోల్ దాకా విన్నాడు.

ఇంతలో డారిల్ భార్య జానీన్ వాళ్ల మేనత్త పోయింది. ఆ అత్తకి మ్యాచ్‌లన్నీ కార్లో కూచుని వీడియో తీసే పిచ్చి ఉండేది. ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆ ఫైనల్ టేపు దొరికింది. డారిల్ దాన్ని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని హోర్షమ్ టౌనుకి వెళ్లి కంప్యూటర్లోకి ఎక్కించుకొచ్చాడు.

"ముందు మనమొకసారి చూద్దామయ్యా" అంది జానీన్.

"చూసేదేముందే? ఇరవై తొమ్మిదేళ్లుగా కళ్లు మూసుకుంటే అదే కదా!"

"అందుకే చెప్తున్నా. ఒకసారి కళ్లు తెరిచి చూడు."

వినలేదు. వింటే డారిల్ ఎందుకవుతాడు? ఆదివారం క్లబ్బులో భోజనాలకి అందర్నీ పిలిచి సినిమా వెయ్యమన్నాడు. సెక్రటరీ ట్రిష్ ఓట్లకి చీటీలు కోసి పెట్టుకుంటే, "చీటీలెందుకమ్మా, సినిమా అవగానే చేతులెత్తించు. మన మధ్య దాపరికమేంటి?" అన్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. అదీ కొరివి హోర్షమ్ దాకా వెళ్లి తెచ్చుకుని మరీ.

పోటీలో ఇంకో పేరు ఒక్కటే, గావిన్ లాలర్. అప్పట్లో డారిల్ పక్కనే ఆడేవాడు, పొట్టిగా ఉండేవాడు. ఇప్పుడు గొర్రెలు మేపుతున్నాడు. ఆ పేరు వినగానే డారిల్ నవ్వాడు. "గావిన్ మంచోడే. మంచోళ్లకి స్కోరుబోర్డులెందుకు? పోయినప్పుడు నాలుగు మంచి మాటలంటే సరిపోతుంది."

ఆదివారం వచ్చింది. రోస్టూ గ్రేవీ వాసనలో డారిల్ పెళ్లికొడుకులా ముందు వరసలో కూచున్నాడు. ఆనాటి ఉన్ని జెర్సీయే తొడుక్కున్నాడు. అది బొడ్డు దగ్గరికొచ్చి, ఇక నావల్ల కాదని ఆగిపోయింది.

తెర మీద మొదటి గోల్. బంతి ఎక్కణ్ణించో ఎగిరొస్తోంది. బరాక్‌వేల్ వాళ్లిద్దరు డారిల్ మీదికి దూసుకొస్తున్నారు. మధ్యలో గావిన్ అడ్డం పడ్డాడు. ఇద్దరూ వాడిమీద కూలారు. బంతి గెంతుకుంటూ వచ్చి, ఖాళీగా నించున్న డారిల్ చేతిలో పడింది. తన్నాడు. మైదానం చుట్టూ కార్లలో కూచుని చూస్తున్న జనమంతా హారన్లు కొట్టారు. డారిల్ రెండు చేతులూ చాచి ఆ కార్ల వైపు పరిగెత్తాడు.

రెండోది. గోల్ ముందర బంతి గావిన్ చేతిలోనే ఉంది. తనే కొట్టుకోవచ్చు. డారిల్‌కి అందించాడు. కథలో దీన్ని డారిల్ ముగ్గురి చేతుల్లోంచి లాక్కునేవాడు.

"వేలు చూపించలేదు" అంది వెనకనుంచి టీ కాచే ఐలీన్ బామ్మ.

గోల్ కొట్టినవాడు తనకి బంతి అందించినవాడి వైపు వేలు చూపించాలి. అది అక్కడ పాలపళ్ల వయసులోనే నేర్పే మర్యాద. అంతకు మించిన దండం ఇంకోటి లేదు.

"మూడు. చూపించలేదు." నవ్వులు. "నాలుగు. చూపించలేదు." అయిదోదానికి హాలంతా బామ్మతో కలిసి పాడింది. డారిల్ కూడా నవ్వబోయాడు గానీ మూతి సహకరించలేదు.

ఏడోదానికి ఎవరూ పాడలేదు. గావిన్ నేల మీద పడున్నాడు, మొహమంతా నెత్తురు. తెరమీది డారిల్ గోల్ కొట్టి, చేతులు చాచి, వాడి మీదుగా దాటుకుంటూ కార్ల దగ్గరికి వెళ్లాడు. గుమ్మంలో పడుకున్న కుక్కని దాటినట్టు. ఇరవై తొమ్మిదేళ్ల కథలో ఈ ముక్క ఒక్కసారి కూడా రాలేదు.

ఎనిమిదోది కూడా, మొహానికి గుడ్డ కట్టుకుని లేచొచ్చి, గావిన్ ఇచ్చిందే. తొమ్మిదోది మాత్రం నిఖార్సుగా డారిల్ సొంతం. ముగ్గురి భుజాల మీంచి ఎగిరి పట్టుకున్న బంతి అది. కానీ అప్పటికి అత్త కెమెరాలో బ్యాటరీ అయిపోయింది.

లైట్లు వేశారు. ట్రిష్ గొంతు సవరించుకుంది. "డారిల్‌కి ఎంతమంది?"

ఒక్క చెయ్యీ లేవలేదు. డారిల్ జానీన్ వైపు చూశాడు. ఆవిడ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఇరవయ్యేళ్లుగా క్లబ్బుకి చందా కడుతున్న, ఓటున్న మనిషి. ఆఖరికి మూలనుంచి ఒక చెయ్యి లేచింది. గావిన్‌ది.

"దించరా! పరువు తీస్తున్నావు" అన్నాడు డారిల్ పళ్ల మధ్యనుంచి.

"ఉండనీ బావా. ఒక్కడివే అయిపోయావు కదా."

"గావిన్‌కి?" అంది ట్రిష్. చేతులన్నీ లేచాయి. డారిల్ అటూ ఇటూ చూసి, తన చెయ్యి ఎత్తినా దించినా ఒరిగేదేమీ లేదని లెక్కేసుకుని, అప్పుడు ఎత్తాడు. పెద్దమనసని ఎవరైనా అంటారేమోనని కాసేపు ఎత్తే ఉంచాడు. ఎవరూ అనలేదు.

గావిన్‌ని మాట్లాడమన్నారు. వాడు టోపీ తీసి నలుపుకుంటూ, "నాకేం తెలుసు? బంతి నా చేతిలో ఉంటే భయమేసేది. అందుకే ఇచ్చేసేవాణ్ణి" అని కూచున్నాడు. చప్పట్లు కొడుతుంటే డారిల్‌కి ఒళ్లు మండిపోయింది. అదే మాట తనకి తట్టుంటే, తనే చెప్పుంటే! తట్టదు. తట్టేవాడైతే ఆ రోజు కార్ల వైపు పరిగెత్తేవాడు కాదు.

జనం పళ్లేల వైపు కదిలారు. డారిల్ కుంటుకుంటూ గావిన్ పక్కకి చేరాడు. పళ్లెం ముందు పెట్టుకుని కూచున్నాడు.

"ఆ ఏడోదానికి… ఎన్ని కుట్లు పడ్డాయిరా?"

"పదకొండు."

"నేనెప్పుడూ అడగలేదు కదూ?"

"ఎందుకడగలేదు? ఇప్పుడే అడిగావుగా" అన్నాడు గావిన్. "గ్రేవీ ఇటు జరుపు."

నాలుగు తిట్టినా బాగుండేది అనుకున్నాడు డారిల్. గ్రేవీ జరిపాడు.