జాలీలో నూగు లేదు

బట్టలారబెట్టే డ్రయ్యర్ మూత తీసి, నూగు పట్టే జాలీ బయటికి లాగాను. నూగు లేదు. ఎవరో శుభ్రంగా తుడిచి మళ్ళీ లోపల పెట్టారు. నాకు ముందు వంతు కింది అంతస్తు ఇంగెలాది. ఇంగెలా జాలీ తుడిచిందంటే సూర్యుడు పడమట పొడిచినట్టే. "దయచేసి తర్వాతివారి గురించి ఆలోచించండి" అని గోడ మీద చీటీలు అంటించేదీ ఆవిడే, ఉన్ని దుప్పట్లు ఆరబెట్టి పిడికెడు నూగు నాకు వదిలి వెళ్ళేదీ ఆవిడే. మా భవనం మొత్తానికి బేస్‌మెంట్‌లో ఒకటే లాండ్రీ గది. వంతు కావాలంటే మన ఇంటి నంబరున్న చిన్న తాళంబిళ్ళని బోర్డు మీద మనకు కావలసిన పూట దగ్గర గుచ్చుకోవాలి. మా ఊరు ఒరెబ్రోలో మనిషి గుణం తెలుసుకోవాలంటే ఆ మనిషితో కాపురం చెయ్యక్కర్లేదు, లాండ్రీ గది పంచుకుంటే చాలు.

నేల కూడా తుడిచి ఉంది. తుడుపుగుడ్డ కుళాయి మీద ఆరేసి ఉంది, అంచుకి అంచు కలిపి. ఆ అంచుల దగ్గర నా చూపు ఆగిపోయింది. పక్కనున్న బట్టలారే గదిలోకి తొంగి చూశాను. వెచ్చటి గాలి. ఎవరూ లేరు. తాళ్ళ కింద, గోడవారన, ఒక మనిషి పొడవున నేల మిగతా నేలకంటే నున్నగా ఉన్నట్టు అనిపించింది. అనిపించడమేనేమో. ఆ రోజుల్లో మా భవనంలో అందరికీ అన్నీ అనిపిస్తూనే ఉన్నాయి.

చలి మొదలైనప్పటి నుంచి కింద ఎవరో పడుకుంటున్నారని సంఘమంతా గుసగుసలు. సంఘమంటే ఈ భవనంలో ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళ సంఘం. దానికి అధ్యక్షుడు స్టెల్లన్. నేను స్టెల్లన్‌తో ఉంటాను. ఇంగెలా అనుమానం పైఅంతస్తులో కొత్తగా దిగిన జంట మీద. "చిన్నవాళ్ళు కదా, ఎవరికి పడితే వాళ్ళకి తాళంచెవి ఇచ్చేసుంటారు" అంది. ఆ జంట అనుమానం ఇంగెలా మేనల్లుడి మీద. స్టెల్లన్ అనుమానం నా మీద. "మరీటా, ఫ్రీజర్లో దాల్చినచెక్క బన్నులు తగ్గినట్టున్నాయే. కింద ఎవరికైనా పెట్టొస్తున్నావా ఏంటి? అసలే నీ మనసు వెన్న" అన్నాడు నవ్వుతూ. బన్నులు తిన్నది తనే, టీవీ ముందు కూర్చుని. పెట్టని పుణ్యానికి నాకు నింద పడింది. నిజం చెప్పాలంటే పెట్టనందుకు కాస్త సిగ్గేసింది కూడా.

"దొంగలెక్కడైనా నేల తుడుస్తారా స్టెల్లన్?" అని అడిగాను ఆ రోజు. జాలీ సంగతి చెప్పాను. అతను కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. "నువ్వు సబ్బుపొడి సంగతి చూసుకో, భద్రత సంగతి నాకొదిలెయ్" అన్నాడు. అప్పటికే మెట్ల దగ్గర ఒక కెమెరా పెట్టించాడు. ఏమైనా కనిపించిందా అంటే, "టోపీ, పెద్ద కోటు. మొహం పడలేదు. స్టేషన్ బయట గ్లాసు పట్టుకుని కూర్చుంటారే, ఆ బాపతు బిచ్చగత్తె ఎవరో" అన్నాడు. ఆడమనిషి అని ఎలా తెలిసిందని అడగబోయి ఊరుకున్నాను. మా ఇంట్లో ప్రశ్నలు అడగడం నా వంతు కాదు. డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుంటాను కదా, అక్కడా అంతే. ఫోన్లూ అపాయింట్‌మెంట్లూ నా ఉద్యోగం. డాక్టర్లు తాగి సింకులో పడేసిన కాఫీ కప్పులు మాత్రం ఎవరి ఉద్యోగమో ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి నాదే.

అంచుకి అంచు కలిపి ఆరేసిన ఆ గుడ్డ నన్ను వదల్లేదు. ఈ భవనానికి కొత్తగా వచ్చినప్పుడు నాకు లాండ్రీ గది మర్యాదలన్నీ నేర్పింది గున్వోర్. మా పైన రెండో అంతస్తులో రూనెతో ఉండేది. "గుడ్డని ముద్దగా పడేస్తే ముక్కిపోతుందే పిల్లా. అంచులు కలిపి ఆరెయ్. జాలీ తుడవకుండా వెళ్ళావో, నీ తర్వాత వచ్చేదాని మొహం మీద నూగు ఊదినట్టే" అనేది. ఎవరు ఎంత కసురుకున్నా చెప్పాల్సింది చెప్పేది. రూనె వసంతంలో పోయాడు. ఇల్లు రూనెది, గున్వోర్ రాకముందే కొన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. కాగితం లేకపోతే ప్రేమ ఉండదా అనేవాడట. ఆయన పిల్లలు వచ్చి ఇల్లు అమ్మేశారు. చట్టమూ వాళ్ళ పక్షానే ఉంది. గున్వోర్ కల్మార్‌లో చెల్లెలి దగ్గరికి పోతున్నానని చెప్పింది. సంఘం తరఫున ఒక పూలకుండీ ఇచ్చాం. కొన్నది నేను, ఇచ్చింది స్టెల్లన్. కుండీ పెట్టుకోవడానికి ఆవిడకి ఏ కిటికీ ఉందో ఇద్దరం అడగలేదు.

కాదులే, కల్మార్‌లో ఉండుంటుంది అనుకున్నాను. ఈ ఊళ్ళో గుడ్డలు సరిగ్గా ఆరేసే ఆడవాళ్ళు ఇంకెంతమంది లేరు! ఇలా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, తెలుసుకోవడం ఇష్టం లేని మనిషి సర్దుకున్నట్టే.

గురువారం. గురువారమంటే బఠాణీ సూపు, పాన్‌కేకులు. స్టెల్లన్ వాళ్ళమ్మ గురువారాలు అలా చేసేది కాబట్టి నేనూ చేస్తాను. క్లినిక్ నుంచి వచ్చి, కోటు విప్పకుండానే బఠాణీలు పొయ్యి మీద పెట్టాను. స్టెల్లన్ సూపులో ఆవపిండి ముద్ద కలుపుకుంటూ ఆదివారం జరగబోయే సమావేశం గురించి చెప్పుకుపోతున్నాడు. తాళాలన్నీ మార్పించాలట. బేస్‌మెంట్‌కి కొత్త ఇనుపతలుపు పెట్టాలట. ఇంకోసారి కనిపిస్తే పోలీసులకి ఫోన్ చెయ్యాలట.

"ఈ చలిలో పాపం ఎక్కడికి పోతుంది?" అన్నాను.

"ఎక్కడికేంటి? కల్మార్‌లో చెల్లెలుంది కదా, పోవచ్చుగా. మొండితనం, అంతే."

గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. అతని చెంచా కూడా ఆగింది.

"ఎవరికి చెల్లెలు?" అన్నాను.

"ఎవరికో. అలాంటివాళ్ళకి ఎవరో ఒకరుంటారు కదా అని..."

"కల్మార్‌లోనా?"

అతను తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. ఇక దాచి లాభం లేదనుకున్నట్టున్నాడు. చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "చూడు మరీటా. మొహం పడింది, పడకేం. కానీ పేరు చెప్పాననుకో, అందరూ జాలిపడతారు. జాలిపడితే ఓట్లు పడవు. ఇవాళ ఒకావిడ, రేపు పదిమంది. ఇళ్ళ ధరలు ఏమైపోతాయి? అయినా ఆవిడేం సభ్యురాలా? ఎప్పుడూ కాదే. ఇల్లు రూనెది. ఆదివారం నువ్వు కాఫీ పోసి ఊరుకో. నీ మంచికే చెప్తున్నా."

నా మంచికే. ఈ మాట విన్నప్పుడల్లా చుట్టూ చూసుకోవాలని ఎందుకనిపిస్తుందో ఆ రోజు అర్థమైంది. చుట్టూ చూశాను. ఈ ఇల్లు స్టెల్లన్ నేను రాకముందే కొన్నాడు. నా జీతం కూరగాయలకీ, మా పిల్లాడి బూట్లకీ, సెలవుల్లో ప్రయాణాలకీ అయిపోయింది. పిల్లాడు పెద్దవాడై మాల్మోలో ఉన్నాడు. బూట్లు అరిగిపోయాయి, ప్రయాణాలు అయిపోయాయి. గోడలు స్టెల్లన్‌వి, ఆ గోడలకున్న కర్టెన్లు నావి. పెళ్ళి మాటెత్తితే, "మన మధ్య కాగితాలెందుకు, నమ్మకం లేదా?" అనేవాడు. ఆ మాటకి పొంగిపోయేదాన్ని కూడాను! నమ్మకం లేకపోవడం ఆడదాని తప్పు కదా, అందుకని నమ్మాను. ఇన్నేళ్ళూ సంఘం సమావేశాలకి బన్నులు చేశాను, కప్పులు కడిగాను, అతను బల్ల మీద కొట్టే ఆ చిన్న కొయ్యసుత్తిని మైనంతో తుడిచి మెరిపించాను. ఒక్కసారీ చెయ్యెత్తలేదు. ఎత్తడానికి నాకు ఓటు లేదు. గున్వోర్‌కి లేనట్టే. రాత్రి అతని పక్కన పడుకుని, ఈ మనిషి గుండె ఆగిపోతే నేనేమవుతాను అని కాదు, ఈ మనిషికి నా మీద విసుగు పుడితే నేనేమవుతాను అని ఆలోచించాను. మొదటిది అనుమానం కూడా కాదు, అందరికీ ఉండే భయం. రెండోదే అసలు అనుమానం. అది ఒకసారి లోపలికి వచ్చాక మరి బయటికి పోలేదు.

శుక్రవారం క్లినిక్‌కి పోతూ లాండ్రీ బోర్డు దగ్గర ఆగాను. ఆదివారం మధ్యాహ్నం పూట ఖాళీగా ఉంది. సరిగ్గా సమావేశం జరిగే వేళ. అక్కడ మా ఇంటి నంబరు బిళ్ళ గుచ్చాను. ఇంత పెద్ద భవనంలో ఇది నాది అని నేను చెప్పుకోగలిగింది ఆ బోర్డు మీద ఒక పూట మాత్రమే.

ఆదివారం సైకిళ్ళ గది పక్కనున్న సంఘం గదిలో అందరూ చేరారు. నేను కాఫీ పోశాను. స్టెల్లన్ కొత్త తాళాల గురించి, ఇనుపతలుపు గురించి చదివాడు. "ఎవరో అపరిచితురాలు" అన్నాడు. ఆ మాట నోరు తడబడకుండా అన్నాడు. ఇంగెలా వెంటనే అందుకుంది.

"నాకైతే రాత్రిళ్ళు నిద్రే పట్టట్లేదు. ఎవత్తో, ఏం రోగాలున్నాయో! మన దుప్పట్లు అక్కడే కదా ఆరేసుకునేది."

"గున్వోర్" అన్నాను, ఆవిడ కప్పులో కాఫీ పోస్తూ. "కింద పడుకుంటోంది గున్వోర్."

"ఏ గున్వోర్? మన గున్వోరా?"

"మన గున్వోరే. పూలకుండీ ఇచ్చి సాగనంపాం కదా, ఆవిడే. నీ తర్వాత డ్రయ్యర్ జాలీ తుడుస్తున్నదీ ఆవిడే ఇంగెలా."

గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. స్టెల్లన్ చిరునవ్వు నవ్వాడు. బయటివాళ్ళ ముందు నవ్వే నవ్వు అది. "ఒక్క మాట. మరీటా సంఘ సభ్యురాలు కాదు కాబట్టి ఆమె మాటలు కార్యక్రమంలో భాగం కావు. క్షమించాలి, నియమం నియమమే. మరీటా, అక్కడ చివర్లో కాఫీ అందినట్టు లేదు."

"అదేంటి, నువ్వు సభ్యురాలివి కాదా?" ఇంగెలా గొంతు తగ్గించి అడిగింది. "ఇన్నేళ్ళబట్టీ ప్రతి మీటింగుకీ వస్తున్నావు కదే!"

"కాఫీతో వస్తున్నాను" అన్నాను.

ఓటింగ్ పెట్టాడు. సమ్మతమేనా అని అడిగితే అవునన్న గొంతులు పీలగా వచ్చాయి. కొన్ని అసలు రాలేదు. ఇంగెలా గొంతు కూడా రాలేదు. అయినా చాలినన్ని వచ్చాయి. నేను తుడిచి మెరిపించిన సుత్తి బల్ల మీద టప్పుమంది. తర్వాతి అంశం సైకిళ్ళ స్టాండు. నేను ఫ్లాస్కు బల్ల మీద పెట్టాను. ఖాళీ కప్పుల్ని ఎక్కడివక్కడే వదిలేసి, బన్నుల పళ్ళెం మాత్రం చేతిలోకి తీసుకుని మెట్లు దిగాను.

తాళంచెవి నా జేబులోనే ఉంది. అయినా బట్టలారే గది తలుపు తట్టాను. లోపల మనిషి ఉంటే తట్టాలి కదా.

"వస్తున్నా, వస్తున్నా, వెళ్ళిపోతున్నా" అంది లోపలి నుంచి. తలుపు తీసింది. టోపీ, పెద్ద కోటు. సన్నబడిపోయింది. నన్ను చూసి గోడకి చేరగిలబడింది. "బోర్డు మీద మీ నంబరు చూశాను పిల్లా. వచ్చేది నువ్వేగా అని ఉండిపోయాను. పాత తాళంచెవి ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఏం పాడు చెయ్యలేదు, చూసుకో."

"చెల్లెలేదీ?"

"దానికో మొగుడున్నాడుగా" అంది. బన్ను అందుకుని నిలబడే తినేసింది. పొడి కింద పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సంచీ తీసుకో, పైకి పోదాం. స్టెల్లన్ ఆఫీసు గదిలో మంచముంది."

"పిచ్చిదానా! స్టెల్లన్ ఏమంటాడు?"

లాండ్రీ గదిలో కుళాయి మీది తుడుపుగుడ్డ తీసి, ఆవిడ నేర్పినట్టే అంచులు కలిపి మళ్ళీ ఆరేశాను. ఆవిడ సంచీ భుజాన వేసుకున్నాను.

"ఏమంటాడో అననీ గున్వోర్. నిన్ను పొమ్మన్నాడంటే, ఆ ఇల్లు నాదో కాదో నాకూ తెలిసిపోతుంది."