జగిత్యాల దూరం

"విమానం దిగేదాక చీపురు ముట్టకు గీతా. పొయ్యినోని ఎనుక ఇల్లు ఊడ్సద్దు" అంది మొగిలవ్వ.

"మీ కొడుకు ఇంకా విమానమే ఎక్కలే అత్తమ్మా, శంషాబాద్ తొవ్వల ఉన్నడు. అప్పటిదాక గీ చెత్తల ఎట్ల తిరుగుడు?"

"తిరుగు. కాళ్ళేం అరిగిపోవు."

గీత చీపురును మూలకు విసిరింది. భర్త సాగర్‌ను దుబాయ్‌కి సాగనంపడానికి వచ్చినవాళ్ళు తిని వదిలేసిన పేపర్ ప్లేట్లు, చాయ్ మరకలు, పెట్టెకు చుట్టగా మిగిలిన టేపు ముక్కలు. ఆ పెట్టె కట్టింది గీతే. మామిడి తొక్కు కారకుండా కవర్లలో చుట్టి, సకినాలు విరగకుండా లుంగీల మధ్య సర్ది, పైన అతని పేరు పెద్దగా రాసింది. కారులో మాత్రం ఆమెకు చోటు లేదు. ఎనిమిదేళ్ళుగా లేదు. "ఆడోళ్ళు ఏడుస్తరు, ఎందుకు?" అంటాడు మామ లక్ష్మీరాజం. కారు కదలగానే ఏడ్చింది ఆయనే.

నిన్న సాగర్ దోస్తులతో అన్న మాట చెవిలో గింగురుమంటోంది. "దుబాయ్ ఎంత దూరంరా? నాలుగు గంటలు. ఒక్క కునుకు తీస్తే దిగుడే. మన కోరుట్ల నుంచి శంషాబాద్ పోవుడే తిప్పల." దోస్తుల నవ్వులు ఆగకముందే వంటింట్లోకి వచ్చాడు. జగిత్యాలలో బీఎడ్ సీటు వచ్చిందనీ, సోమవారం చేరకపోతే పోతుందనీ గీత చెప్పింది. "గంత దూరం రోజూ ఎట్ల పోయొస్తవు? ఇంట్ల ఎవలు చేస్తరు?" అన్నాడు.

జగిత్యాల. బస్సెక్కితే గంట కూడా పట్టని జగిత్యాల. రెండున్నర వేల కిలోమీటర్లు అతనికి ఒక కునుకట. కానీ ఐదో నెలలో కడుపు పోయి ఆమె కరీంనగర్ ఆసుపత్రిలో గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు, అదే దుబాయ్ నుంచి "గింత దూరంకెల్లి ఎట్ల రావాలె?" అన్నాడు. మరుసటి నెల దోస్తు కొత్తింట్లోకి పోతుంటే వచ్చి వాలాడు. అప్పుడు దుబాయ్ మళ్ళీ దగ్గరైంది. ఏది దగ్గరో ఏది దూరమో ఇంతకాలం అతను చెప్తే తను తలూపింది. ఆ తలూపడం తలుచుకుంటే గీతకు ఒళ్ళు మండింది. చెత్త మధ్యలోనే కుర్చీ వేసుకుని కాలేజీకి ఫోన్ చేసి, సోమవారం వచ్చి చేరుతున్నానని చెప్పింది.

చీకటి పడేసరికి మామ, మరిది వేణు తిరిగొచ్చి అన్నానికి కూర్చున్నారు. సాగర్ ఫోన్ వచ్చింది. వేణు స్పీకర్ పెట్టాడు. "దిగిన అమ్మా. రూంకు అచ్చిన."

మొగిలవ్వ రెండు చేతులూ జోడించింది. గీత అందరికీ వడ్డించి, ఎప్పుడూ లేనిది తనూ కంచం పెట్టుకుని వాళ్ళ పక్కన కూర్చుంది.

"సోమవారం నుంచి నేను జగిత్యాల పోతున్న మామా. బీఎడ్‌ల చేరుతున్న."

"నిన్ననే వద్దన్న గద" అంది ఫోన్.

"విన్న. అయినా పోతున్న."

"పొద్దుగాల బువ్వ ఎవలు వండుతరే?" అంది మొగిలవ్వ.

"మామ ఉన్నడు, వేణు ఉన్నడు."

"మొగోళ్ళు వండుతరా?"

"ఎనిమిదేండ్ల సంది మీ కొడుకు రూంల ఎవలు వండుతున్నరు అత్తమ్మా? ఫోన్‌ల ఉన్నడు, ఎసరు ఎంత పెడ్తడో అడుగుండ్రి."

గీత అన్నం కలుపుకుంది.

"నేనొచ్చేసరికి ఆరైతది. నాకు కూడ ఇంత ఉంచుండ్రి."