కోడిపెట్ట కోపం

తిరువనంతపురంలోని ఆ కార్టూన్ల స్టూడియోలో బిన్సీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ సాయంత్రం తేలిపోవాలి. పిల్లల సీరియల్లో ఆమెకిచ్చిన మొదటి దృశ్యమది. కోడిపెట్ట తన పిల్లలకు గింజలు వేస్తుంటుంది. పుంజు తీరిగ్గా వచ్చి టిఫిన్లోకి పుట్టు అయిందా అని అడుగుతుంది. అప్పుడు పెట్ట మొహం ఎర్రబడాలి. పని అంతే.

అంతే అనుకుంటే అక్కడే బోల్తా పడతాం. ఫలానా క్షణానికి ఫలానా రంగని కంప్యూటర్‌కు చెప్పే గుర్తు పేరు కీ. మొదట్లో తెల్లమొహానికో కీ, చివర్లో ఎర్రమొహానికో కీ పెడితే మధ్య రంగులన్నీ కంప్యూటరే నింపుకుంటూ పోతుంది. దానికి ఆగడం తెలియదు. పుంజు వచ్చేదాకా తెలుపు కదలకూడదంటే, సరిగ్గా అక్కడ తెలుపుకే ఇంకో కీ పెట్టాలి. సీనియర్ సజీవన్ ఈ సంగతి చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పాడు. కంగారులో బిన్సీ మరిచిపోయింది అదొక్కటే.

తెర మీద వేయగానే బండారం బయటపడింది. మొదటి పిల్ల నోరు తెరిచినప్పుడే పెట్ట మొహం గులాబీ రంగుకు తిరిగింది. ప్రేమగా గింజలు వేస్తూ వేస్తూనే కందగడ్డయింది. పుంజు వచ్చేసరికి ఇక ఎర్రబడడానికి చోటే మిగల్లేదు. గదిలో అందరూ పగలబడి నవ్వారు. బిన్సీకి ఏడుపొక్కటే తక్కువ.

అందరూ చేచీ, అంటే అక్కా, అని పిలిచే డైరెక్టర్ వత్సల సామాన్యంగా నవ్వే మనిషి కాదు. ఆమే కళ్ళు తుడుచుకుంటూ, మా ఇంట్లో రోజూ పొద్దున్నే ఇదే తంతు అంది. తర్వాత బిన్సీ వైపు తిరిగింది.

"కావాలనే చేశావా?"

అవునంటే గండం గట్టెక్కినట్టే. వెనకనుంచి సజీవన్ అవునను అన్నట్టు తలూపుతున్నాడు.

"లేదు చేచీ. కీ పెట్టడం మరిచిపోయా."

"అయితే పెట్టు."

అందరి ముందే పెట్టింది. ఈసారి పుంజు అడిగేదాకా పెట్ట మొహం తెల్లగా ఉండి, అడగ్గానే భగ్గున ఎర్రబడింది. వంక పెట్టడానికేం లేదు. ఎవరూ నవ్వలేదు కూడా.

రెంటిలో ఏది బాగుందని వత్సల అడిగింది.

"ఇందాకటిదే చేచీ," అంది బిన్సీ, కాస్త ఆలోచించి. "దాని కోపం పుంజు వల్ల వచ్చింది కాదు. పొద్దుట్నుంచీ వస్తానే ఉంది."

"మరైతే ఆ కీ తీసెయ్. ఇందాక మరిచిపోయావు, ఇప్పుడు తెలిసి తీస్తున్నావు. రేపొచ్చి తర్వాతి దృశ్యం అందుకో."