తప్పు లెన్సుది కాదు

ముప్పై ఏళ్ళు పెరంబూరులో కళ్ళద్దాలకు లెన్సులు సానబట్టినవాణ్ణి. ఆ అనుభవం ఉందన్న పొగరే నన్ను నిలువునా ముంచింది.

తొంభై ఐదు డిసెంబరులో డాక్టరు నా భార్య కోకిలకు పొంగల్ పండగ దాకా గడువిచ్చాడు. ఆ సంగతి నేను చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. శని చుట్టూ వలయం ఉంటుందట, అదొక్కటి చూపించమంది. ఏలినాటి శని అంటూ ఏడున్నరేళ్ళు అందరూ భయపెట్టారు కదా, ఆ మొహమేదో చూస్తానని నవ్వింది. రెండంగుళాల లెన్సు, ప్లాస్టిక్ పైపు పెట్టి చిన్న టెలిస్కోపు తయారుచేశాను.

సాయంత్రం ఏడింటికి మేడమీద కుర్చీలో కూర్చోబెట్టి ముందు కృత్తికలు, అదే పిల్లలకోడి చుక్కలు, చూపించాను. పిల్లలకోడికి ఇన్ని పిల్లలా అని ఒక్కో చుక్కా లెక్కపెట్టింది. తర్వాత శని. చాలాసేపు చూసి, ఉత్త గుండుసున్నా అంది. నేనూ చూశాను. వలయం లేదు.

లెన్సులోనే తప్పుందనుకున్నాను. పదకొండు సాయంత్రాలు దాన్ని విప్పడం, సానబట్టడం, మళ్ళీ బిగించడం. మంచం మీంచి కోకిల పిలిచేది. ఉండు, అయిపోతోంది అనేవాణ్ణి. అప్పటికింకా ఆమెకు లేచి కూర్చునే ఓపిక ఉంది, కబుర్లు చెప్పే ఓపిక ఉంది. నేనేమో ఆమెకు వీపు పెట్టి గాజు రుద్దుతున్నాను.

పన్నెండో రోజు పక్కవీధిలో ఉండే సైన్సు మాస్టారు మాదయ్య దగ్గరికి పైపు మోసుకెళ్ళాను. కృత్తికలు విడివిడి చుక్కలుగా కనిపించాయా అని అడిగాడు. కనిపించాయన్నాను.

"మరి లెన్సుకేమి రంగనాథం? అది మొదట్నుంచీ బాగానే ఉండాది. ఈ ఏడు వలయం మనకు అంచు తిరిగుండాది, తాంబాళాన్ని పక్కనుంచి చూసినట్టు. ఇట్లా చిన్న టెలిస్కోపులో ఎవురికీ కనపడదు. వచ్చే ఏడు చూడు."

చుక్క చుక్కలా కనబడితే లెన్సు మంచిదేనని నాకు తెలియదా? తెలుసు. ఆలోచించలేదంతే. నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

ఇంటికొచ్చేసరికి కోకిల మందు మత్తులో గోడవైపు తిరిగి పడుకునుంది. లెన్సు బాగానే ఉందని, వలయమే పక్కకు తిరిగిందని, వచ్చే ఏడు చూడొచ్చని చెవి దగ్గర చెప్పాను. వచ్చే ఏడు అన్నాక నాలుక కొరుక్కున్నాను.

ఆమె కళ్ళు తెరవలేదు.

"అయితే పని ముగిసిందా? ఇంక ఈడ కూచుంటారా?"

కూర్చున్నాను. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.