మెడ నరం

సాంచాల షెడ్డులో ముప్పై ఏళ్లు కండెలు చుట్టిన మనిషికి మెల్లగా మాట్లాడటం రాదు. సిరిసిల్లలో దుర్గవ్వ గొంతు అట్లా తయారైందే. ఇరవై సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒక్కపెట్టున దడదడలాడుతుంటే, పక్కనున్న సమ్మక్కను నీళ్ల సీసా అడగాలన్నా అరవాలి. ఇక పాట పాడాలంటే ఆ దడదడ నెత్తినెక్కి కూర్చొని పాడాలి. దుర్గవ్వ అట్లాగే పాడేది. ఎవరింట్లో పెండ్లయినా, పిల్ల తరఫున వియ్యపురాలిని ఎత్తిపొడిచే పాటలకు ఆమెకే కబురొచ్చేది.

ఆ గొంతును కోరుట్ల వేణు పట్టుకుపోయాడు. వేణు ఆస్తి ఒక గది, గది గోడలకు కోడిగుడ్ల అట్టలు, ఒక మైకు, యూట్యూబులో ఒక ఛానల్. ఇంతమాత్రానికే నల్ల కళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకొని తిరుగుతాడు. అవి కళ్లమీదికి దిగగా చూసినవాళ్లు లేరు. తాళం అంటే అతనికి తెలిసింది ఆ గది తాళమొక్కటే. దుర్గవ్వతో ఒక్క పూటలో నాలుగు పాటలు పాడించుకొని, చాయ తాగించి, బస్సెక్కించాడు.

నెల తిరగకుండానే మొదటి పాట వచ్చింది. మల్లాపూర్ పసుపు చేలల్లో అఖిల అనే పిల్ల నడుం తిప్పుతూ పెదవులు కదిలిస్తుంటే, గొంతు మాత్రం దుర్గవ్వది. కింద రంగురంగుల అక్షరాలు. సమ్మక్క తన ఫోనులో చదివి వినిపించింది: "పాడినవారు, ఆడినవారు: అఖిల."

"అదేందే? పాడింది నేను గద!"

"గొంతు నీ లెక్కనే ఉన్నది తియ్యి. గని పేరు గా పిల్లది రాసిండ్రు. రాసినంక ఇంకేముంటదే? ఊకె నాది నాది అనకు, నలుగురు నవ్వుతరు."

ముప్పై ఏళ్లు పక్కన కూర్చొని విన్న చెవి, మూడు నెలల కింద కొన్న ఫోనుకు లొంగిపోయింది. దుర్గవ్వకు అన్నం సహించలేదు. ఊర్లు తిరుగుతున్న డీజే బండ్లన్నీ తన గొంతుతోనే మోగుతున్నాయి. అది తన గొంతని చెబితే నవ్వేది మాత్రం తన షెడ్డు వాళ్లే.

వేణుకు ఫోను చేసింది. "ఏం పిలగా, నా పేరేది?"

"పేరుదేముందత్తా? జనం మొఖం జూస్తరు. దుర్గవ్వ అని ఏస్తే ఎవలన్న ఒత్తుతరా? మల్లచ్చే పాటకు పెద్దగ ఏస్త."

మళ్లీ వచ్చే పాట వచ్చింది, దాని తర్వాతది వచ్చింది, నాలుగోది కూడా వచ్చింది. అఖిల పేరు లావైంది. దుర్గవ్వ పేరు సన్నగా కూడా కనపడలేదు.

ఆ ఎండాకాలం జగిత్యాలలో ఒక పెద్ద పెండ్లి కుదిరింది. పిల్ల తండ్రి దుబాయిలో సంపాదించినవాడు. మిషన్ పాట వద్దు, అఖిల వచ్చి నోటితోనే పాడాలి, పాటలో మా వియ్యపురాండ్ల పేర్లు కూడా రావాలి అన్నాడు. వేణుకు చెమట పట్టింది. కళ్లద్దాలు తీసి తుడుచుకొని, మళ్లీ నెత్తిమీదే పెట్టుకొని, దుర్గవ్వ ఇంటిముందుకు కారు తెచ్చాడు.

"గీ ఒక్కటి గట్టెక్కియ్యి అత్తా. రేపే నీ పేరేస్త, ఫొటోతోని."

పొద్దటి పని దిగి వచ్చిన దుర్గవ్వ తలలో ఇంకా పోగులున్నాయి. అట్లాగే కారెక్కింది. ఆశ అంత సిగ్గులేనిది.

ఫంక్షన్ హాలులో స్టేజీ వెనక, బంతిపూల పరదా చాటున, ఖాళీ కూల్‌డ్రింకు డబ్బాల పక్కన ఆమెకు కుర్చీ వేశారు. చేతికి మైకిచ్చారు. అఖిల అద్దం చూసుకుంటూ వచ్చి చెప్పింది:

"అవ్వా, నడుమ దగ్గకు. నాకు చెడ్డపేరస్తది."

"నీకు చెడ్డదన్న వస్తది బిడ్డా, నాకు గదిగూడ లేదు" అంది దుర్గవ్వ.

పాట మొదలైంది. బయట అఖిల చెవి మీద వేలు పెట్టుకొని పెదవులాడించింది. లోపల దుర్గవ్వ ఎత్తుకుంది.

బండి సాలదాయెనమ్మ గంగమ్మ నడుముకు,
లారి మాట్లాడుకొచ్చిరి కథలాపూరు నుంచి!

హాలు నవ్వింది, ఈలలేసింది. గంగమ్మంటే పెండ్లి పిల్లగాని నాయనమ్మ, కథలాపూర్ మనిషి, డెబ్బై దాటినావిడ. ముందు వరుసలో కూర్చొని ఉంది. ఆమె నవ్వలేదు. కన్నార్పకుండా అఖిల మెడనే చూస్తోంది.

పాటైపోయింది. వేణు చేతులు దులుపుకున్నాడు. ఒక పాటకు ఒప్పుకున్నాడు, ఒక పాట అయింది. అతనికి తెలియనిదేమిటంటే, ఎత్తిపొడుపుకు మారు పాట ఉంటుంది. అటువాళ్లు మారు పాడతారు, ఇటువాళ్లు దానికి మళ్లీ జవాబియ్యాలి. ఎవరి నోట్లో మాటలు ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు. వందల పెండ్లి పాటలు అమ్ముకుంటున్నవాడు, పెండ్లిలో పాట ఎట్లా నడుస్తుందో ఒక్కనాడు కూర్చొని చూసిన పాపాన పోలేదు.

గంగమ్మ లేచింది. ఎవరో మైకు అందించబోతే పక్కకు నెట్టింది.

రంగు రంగుల సిలుక కొమ్మ మీదున్నది,
కూత మాత్రమమ్మ గోడ సాటున్నది!
ముక్కు ఆడుతున్నదే మురిపెంగ సూడుండ్రి,
మెడ నరం లెవ్వదేందే పాడే పిల్లా?

పిల్లగాని వైపు ఆడోళ్లంతా ఆఖరు చరణం అందుకొని మళ్లీ పాడారు. అఖిల నవ్వుతూనే పరదా వైపు చూసింది. వేణు ఉరుక్కుంటూ వెనక్కి వచ్చాడు.

"అత్తా, అందుకో! జవాబియ్యి!"

దుర్గవ్వ నాలుక మీద అప్పటికే నాలుగు జవాబులు దూకుతున్నాయి. ఆమె మైకును డబ్బా మీద పెట్టింది.

"ఎవలను అడిగింది? పాడే పిల్లను అడిగింది. పాడింది అఖిల అని రాసినవ్ గద, పాడమను."

"ఇజ్జత్ పోతదత్తా!"

"ఎవలది?"

"రేపే ఏస్త. మా అమ్మ మీద ఒట్టు."

"రేపటిదాంక గంగమ్మ నిలవడుతదా పిలగా?"

బయట అఖిల అలవాటు కొద్దీ పెదవులాడించింది. చప్పుడు రాలేదు. చేప నోరు తెరిచినట్టు ఇంకో రెండుసార్లు ఆడించింది.

"ఏందే బిడ్డా, మంత్రమేస్తున్నవా?" అంది గంగమ్మ. వంటవాళ్లు కూడా గరిటెలు పట్టుకొని వచ్చి నవ్వారు. ముసలామె పరదా వైపు చెయ్యి చాపింది. "గా ఎనుకున్నదెవతో ముందటికి రాయే! నాకు పెదవులతోని పంచాయితి లేదు."

దుర్గవ్వ పరదా తొలగించుకొని బయటికొచ్చింది. వేణు కొంగు పట్టుకోబోతే అతని వైపొకసారి చూసింది. కండెలో ఆఖరికి మిగిలే పనికిరాని పోగును చూసినట్టు చూసింది. అఖిల పక్కనుంచి నడిచి, స్టేజీ దిగి, గంగమ్మ ఎదురుగా తివాచీ మీద బాసింపట్టు వేసి కూర్చుంది. మైకు లేదు. ముప్పై ఏళ్లు సాంచాలను ఓడించిన గొంతుకు మైకెందుకు?

మెడలు జూసేటి మొనగత్తె గంగమ్మ,
నీ మనుమని మెడ జూడు ఎంత వంగిందో!
పీటల మీదనే పిల్లకు లొంగె,
ఇంటికి వోయినంక నిన్నెవలు జూస్తరే?

పెండ్లికొడుకు గబుక్కున మెడ నిలబెట్టాడు. దాంతో హాలు నవ్వులతో ఇంకా పగిలింది. దుర్గవ్వ మెడ మీద నరం తాడులా లేచి ఉంది. గంగమ్మ దాన్ని చూసి, మొదటిసారి నోరంతా తెరిచి నవ్వింది.

"గిదీ గొంతంటే! నీ పేరేందే?"

"దుర్గవ్వ. సిరిసిల్ల."

దుర్గవ్వ తలలోని పోగులు చూసింది ముసలామె. ఒక్క గుక్క కూడా ఆగలేదు.

సిరిసిల్ల దుర్గవ్వ, సాంచె నోటి దుర్గవ్వ,
నూనె పొయ్యకున్నగాని నడిసేటి నోరమ్మ!
సిరిసిల్లల దుర్గవ్వ జరంత దగ్గితె,
కథలాపూరు కుక్కలన్ని అడివి వట్టినయి!

ఆడోళ్లు చప్పట్లతో అందుకున్నారు. దుర్గవ్వ, దుర్గవ్వ, సాంచె నోటి దుర్గవ్వ. ఇందాకటిదాకా అఖిల మీదున్న ఫోన్లన్నీ తివాచీ మీదికి తిరిగాయి. స్టేజీ మీద వేణు రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ, "వీడియో తియ్యకుండ్రి, ఛానల్‌ది, కాపీరైట్ ఉన్నది" అని మొత్తుకుంటున్నాడు. అతని గొంతు మూడో వరుసకు కూడా చేరలేదు.

దుర్గవ్వకు కండ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏళ్లలో ఎన్ని పేర్లు పాటలో కూర్చి ఎందరిని తిట్టిందో లెక్కలేదు. తన పేరు పాటలో వినడం ఇదే మొదలు. ఆమె ముందుకు వంగి గంగమ్మ మోకాలు తట్టింది.

"వదినే, జవాబు తర్వాత ఇస్త. గదే ఇంకోపారి తిట్టు. పేరు కాడ జర గట్టిగ ఒత్తు. మా షెడ్డుల సమ్మక్క ఉన్నది, రేపు ఫోన్ల జూస్తది, సాంచాల సప్పుడుల దానికి సక్కగ ఇనవడది."

గంగమ్మ గొంతు సవరించుకుంది.