నాలుగువందల పన్నెండు నేల నిజాలు

నా పేరు లక్ష్మీనరసింహం. పర్చూరు చుట్టుపక్కల బళ్లలో ముప్ఫయ్యొక్క ఏళ్లు సైన్సు చెప్పి రిటైరయ్యాను. అబద్ధం రాయడం నాకు చేతకాదు. ఆ గుణం వల్లే ఒక దేశ కార్యక్రమం మునిగిపోబోయింది కనుక ముందే చెబుతున్నాను.

సంగతేమిటంటే, దేశంలోని పైర్లనూ చెరువులనూ అడవులనూ పైనుంచి చూడడానికి కొత్త ఉపగ్రహాలు పంపాలని ఢిల్లీలో ఒక కమిటీ ప్రణాళిక రాస్తోంది. ఏ ఉపగ్రహంలో ఏ యంత్రం పెట్టాలో తేల్చాలి. మహతి అనే శాస్త్రవేత్త తొమ్మిదేళ్లు కష్టపడి ఒక యంత్రం తయారుచేసింది. అది ఆకు జ్వరం కొలుస్తుంది. జబ్బు బయటపడకముందే మన ఒళ్లు వెచ్చబడ్డట్టు, పురుగు తగిలిన మొక్కకు ఆకు వేడెక్కుతుందట. మన కంటికి ఆనడానికి వారం ముందే యంత్రం పట్టేస్తుందని ఆ అమ్మాయి అంటుంది. ముందు దాన్ని ఒక విమానంలో పెట్టి మా ఊరి మిరపచేల మీద తిప్పుతారు. విమానం చెప్పిందీ కింద ఉన్నదీ ఒకటైతే యంత్రం ఉపగ్రహమెక్కుతుంది. కాకపోతే తొమ్మిదేళ్ల శ్రమ అటకెక్కుతుంది.

కింద ఉన్నది రాసిపెట్టే పని నాకిచ్చారు. దాన్ని వాళ్లు నేల నిజం అంటారు. ప్రణాళికలో దానికో నిర్వచనం కూడా ఉంది: పొలం ఎవరి పేరున ఉందో వారు తమ పొలం గురించి స్వయంగా చెప్పినదే నేల నిజం. ఈ వాక్యం రాసిన మహానుభావుడు జన్మలో ఒక్క మిరపరైతుతో మాట్లాడి ఉండడు.

మా వైపు మంచి పైరును మంచి పైరని ఎవరూ అనరు. అంటే దిష్టి. చెట్టు వంగిపోయేలా కాసినా సరే, "ఏం పైరండీ, పోయింది" అనాలి. అడిగినవాడు "అయ్యయ్యో" అనాలి. ఇద్దరికీ అసలు సంగతి తెలుసు కనుక ఎవరికీ నష్టం లేదు. అంతెందుకు, రోజూ తెల్లారకుండా మూడు మైళ్లు నడిచే నేను కూడా ఒంట్లో ఎలా ఉందని ఎవరైనా అడిగితే "ఏదో ఇలా ఈడుస్తున్నాను" అంటాను.

ఫారాలు పట్టుకుని మొదట రామాంజనేయులు చేను దగ్గరికి వెళ్లాను.

"ఏమయ్యా, మిరప ఎట్లా ఉంది?"

"ఏముందండీ మాస్టారూ, మొత్తం పోయింది."

"చాళ్ల మధ్య కాలు పెట్టే సందు లేదు గదయ్యా?"

"అదంతా ఉత్త ఆకేనండీ."

"మరి ఆ కాయలో?"

"అవి కూడా ఆకే అనుకోండి."

రైతు చెప్పింది రాయమన్నారు. "పోయింది" అని రాశాను. ఊరంతా తిరిగి నాలుగువందల పన్నెండు ఫారాలు నింపితే నాలుగువందల పన్నెండు "పోయింది"లు వచ్చాయి. కిందటేడు నమూనాకని రాసినవీ అంతే.

చివరి ఫారం పేరయ్యది. పేరయ్య సంగతి కొంచెం చెప్పాలి. నాలుగేళ్ల కిందట, పర్చూరు బస్టాండులో, ఎవరో పలకరిస్తే ఇతను నోరు జారి "ఈ ఏడు మిరప బావుంది" అన్నాడు. పక్షం తిరక్కుండా నల్ల తామర పురుగు వచ్చి పడింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప నాశనమైంది. ఆ రెండు జిల్లాల నష్టానికీ తన మొగుడి నోరే కారణమని సుబ్బరావమ్మ తేల్చేసింది. ఆనాటినుంచి చేను గురించి ఒక్క మాట కూడా అతణ్ణి మాట్లాడనివ్వదు. ఆ మనిషి దున్నుతాడు, నీళ్లు కడతాడు, మందు కొడతాడు. చేను ఎలా ఉందని అడిగితే మాత్రం నేల చూపులు చూస్తాడు. నన్ను చూసి నోరు తెరవబోయాడు పాపం.

"నువ్వు నోరు మూసుకో" అని, "పోయింది, రాసుకోండి మాస్టారూ" అంది సుబ్బరావమ్మ. రాసుకున్నాను.

సోమవారం విమానం తిరిగింది. శుక్రవారం మా హైస్కూలు హాల్లో కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు శరత్‌చంద్ర గారు ఒక బల్ల మీద నా ఫారాలూ, ఇంకో బల్ల మీద విమానం తీసిన పటమూ పెట్టించారు. పటం నిండా పచ్చదనమే. ఫారాల నిండా "పోయింది"లే.

ముందుగా కమిటీ వారు లేచి నిలబడి ఊరి పంటల మృతికి రెండు నిమిషాలు మౌనం పాటించారు. చేసేదేమీ లేక రైతులూ నిలబడ్డారు. రామాంజనేయులైతే తలపాగా కూడా తీశాడు.

తర్వాత శరత్‌చంద్ర గారికి ఒక అనుమానం వచ్చింది. "ఈ ఊళ్లో రెండేళ్లుగా పంటే లేదు. మరి కిందటేడు ఇక్కణ్ణుంచి గుంటూరు యార్డుకు మిర్చి లారీలు వెళ్లాయి. ఆ మిర్చి ఎక్కడిదండీ?"

జవాబు చెప్పాలంటే నిజం చెప్పాలి. ఆ మిర్చి ఎక్కణ్ణుంచి పుడుతోందో కనిపెట్టడానికి చిలకలూరిపేట హైవే మీద లారీలను కనిపెట్టి ఉండే ఒక ఉపగ్రహాన్ని అప్పటికప్పుడు ప్రణాళికలో చేర్చారు. మబ్బు పడితే లారీలు కనపడవని ఒక సభ్యుడు గుర్తుచేస్తే, మబ్బుల్లోంచి చూసేది మరొకటి చేర్చారు. ఆ రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూసుకోవడానికి మూడోది. కాఫీలు వచ్చేసరికి మా ఊరి అబద్ధాల మీద మూడు ఉపగ్రహాలు తిరుగుతున్నాయి.

ఇక మహతి యంత్రం దగ్గరికొచ్చారు. శరత్‌చంద్ర గారు కళ్లజోడు సవరించుకున్నారు. "చూడమ్మా, నేల నిజానికి తిరుగులేదు. దాని పేరే నిజం. నీ పటమంతా తప్పు. పేరయ్య అనే ఆయన పొలంలో ఈశాన్యపు మూల ఒక్కటి ఎర్రగా, జబ్బుగా చూపించావు. అదొక్కటే సరిపోయింది. మొత్తం ఊళ్లో ఒక మూల. పరీక్ష తప్పినట్టే."

మహతి జనం వైపు తిరిగి, "మీకు దణ్ణం పెడతాను, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అంది. హాల్లో అందరూ పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు. నాకు సిగ్గేసింది. మా ఊరి మాట తీరు తెలిసీ తెలిసీ, చెప్పింది రాయడమే నా ధర్మమని ఆ పిల్ల గొంతు కోసినవాణ్ణి నేనే.

అప్పుడు వెనక బెంచీ నుంచి సుబ్బరావమ్మ లేచింది.

"ఏ మూల?"

"ఇదిగోనమ్మా, ఈ ఎర్రది" అన్నారు అధ్యక్షుడు.

"ఎరుపేంది?"

"అంటే అక్కడి పైరు జబ్బుదని."

సుబ్బరావమ్మ పటం దాకా వచ్చి నడుం మీద చెయ్యి పెట్టింది. "జబ్బా? నా చేలోనా? అందరికంటే ముందు పూత పట్టింది ఆ మూలేనయ్యా! ఆ మూలొక్కటేంది, మూడెకరాలూ విరగకాసింది! ఊళ్లో అట్టాంటి చేను ఇంకోటి చూపియ్యి చూద్దాం!"

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆలస్యమైపోయింది. "అయ్యో, అనేశానే" అంటూ చేలోకి పరుగెత్తింది. మహతి వెనకాలే పరుగెత్తింది. వాళ్ల వెనక కమిటీ, కమిటీ వెనక ఊరు, ఆఖర్న ఫారాల కట్టతో నేను.

ఆ మూల పైరు పచ్చగా నవనవలాడుతోంది. నా కళ్లకు ఏ లోపమూ కనపడలేదు. మహతి ఒక పువ్వు తుంచి నా దగ్గరి తెల్లకాగితం మీద దులిపింది. సన్నటి నల్ల నలుసులు పడ్డాయి. కాసేపటికి అవి నడవడం మొదలుపెట్టాయి.

సుబ్బరావమ్మ గట్టు మీద కూలబడింది. "అన్నాను గనకే వచ్చింది. నా నోరు పడిపోను."

"మీరు అన్నది ఇవాళ" అంది మహతి, ఆమె పక్కన కూర్చుని. "ఈ పటం తీసింది సోమవారం. ఇదిగో, తేదీ."

సుబ్బరావమ్మ వేళ్ల మీద సోమవారం నుంచి శుక్రవారం దాకా లెక్కపెట్టింది. మళ్లీ వెనక నుంచి ముందుకు లెక్కపెట్టింది. "అయితే నేను అనకముందే ఉందా?"

"ఉంది. ఈ ఒక్క మూలే గనుక ఇప్పుడే పట్టుకోవచ్చు."

"మరి నాలుగేళ్ల కిందట ఈయన బావుందన్నాక వచ్చిందే, అది?"

"ఆ ఏడు కూడా ఎవరో అన్నారని రాలేదమ్మా. ముందే వచ్చి ఉంటుంది. చూసినవాళ్లు లేరు."

నాలుగేళ్లు ఒక మనిషి నోరు కట్టేసిన సంగతి సుబ్బరావమ్మ మొహంలో కనపడుతూనే ఉంది. తర్వాత వెనక్కి తిరిగింది. జనానికి ఎడంగా, పార చేత్తో పట్టుకుని పేరయ్య నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, చేను ఎట్టా ఉందో నువ్వు చెప్పు."

పేరయ్య నేలను చూశాడు. ఇదేమైనా కొత్తరకం తిట్టేమోనని ఆమె మొహం చూశాడు. తిట్టు కాదని తెలిసింది.

"బావుందే" అన్నాడు. "ఆ మూల తప్ప."

నేను కలం తీశాను. శరత్‌చంద్ర గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగండి. మీ ఫారంలో పోయిందని ఉంది కదా. ఈమేమో నా చేను అన్నారు. ఇంతకీ పొలం ఎవరి పేరున ఉంది?"

"ఆయన పేరునే" అంది సుబ్బరావమ్మ. "ఆయన చెప్పిందే రాసుకోండి."

ముప్ఫయ్యొక్క ఏళ్లు మేష్టరీ చేసి కూడా నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది: పేరయ్య ఫారంలో సుబ్బరావమ్మ మాట రాశాను. పాత ఫారం కొట్టేసి కొత్తది రాశాను. అధ్యక్షుడు దాన్ని పటం పక్కన పెట్టి చూశారు. మూడెకరాలూ, మూలతో సహా, అచ్చంగా సరిపోయింది.

"మరి మిగతా నాలుగువందల పదకొండు?" అన్నారు.

"మాదంతా పోయిందండీ" అన్నాడు రామాంజనేయులు పక్క గట్టు మీంచి. శరత్‌చంద్ర గారు అతణ్ణి చూశారు, అతని వెనక విరగకాసిన చేను చూశారు. పొలాన్ని తన కళ్లతో చూడడం ఆయనకు అదే మొదటిసారనుకుంటాను. ఏమీ అనకుండా నా కట్ట పక్కన పెట్టి, మహతి యంత్రం పేరు ఎదురుగా టిక్కు పెట్టారు. లారీల ఉపగ్రహాలను మాత్రం కొట్టేయడం మరిచిపోయారు.

జనం వెళ్లిపోయినా పేరయ్య మహతికి చేను చూపిస్తూనే ఉన్నాడు. ఏ చాలులో ఎప్పుడు పూత వచ్చిందో, ఏ మడిలో నీళ్లు నిలుస్తాయో, నాలుగేళ్లుగా ఏమేం చూశాడో, అన్నీ చెబుతున్నాడు. సుబ్బరావమ్మ ఆ మూల పురుగు పట్టిన పూలు ఏరుతోంది. అతను "బావుంది" అన్నప్పుడల్లా ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగుతోంది. అతని మాట మాత్రం ఆపలేదు.